పురికొసతో తేలిన ఫుట్‌వర్క్ లెక్క

మలక్‌పేటలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో షాబాద్ బండలు పరిచి ఉంటాయి. పెళ్లిళ్ల సీజన్లో టేబుళ్లు మడిచి గోడకి చేరేస్తారు. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరున్నర నుంచి రెండు టేబుళ్ల మీద టేబుల్ టెన్నిస్ ఆట సాగుతుంది. అక్కడ నాలుగేళ్లుగా నన్ను ఓడిస్తున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, అరవై దాటాయి, కుడి మోకాలికి క్యాప్ ఉంటుంది. మేమంతా అంకుల్ అంటాం. ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నేను మాత్రం ఆయనతో ఒక గేమ్ ఆడితే చొక్కా పిండుకోవాల్సి వస్తుంది.

ఒకరోజు చివరి గేమ్‌లో 9-9. ఆయన నా బ్యాక్‌హ్యాండ్ మూలకి, అంటే కుడిచేత్తో ఆడే నాకు ఎడమ మూలకి, మెత్తగా పుష్ చేశారు. నాకు కావలసిన బంతే. ఎడమకి తిరిగి, టేబుల్ మూల దాటి నిలబడి, ఫోర్‌హ్యాండ్‌తో, అంటే కుడి వైపు నుంచి ఆడే దెబ్బతో, లైన్ వెంట సూటిగా బాదాను. బాగా తగిలింది. ఆయన బ్యాట్ అడ్డం పెట్టారు, అంతే. బంతి అటు చివర నా ఫోర్‌హ్యాండ్ మూల దాటి వెళ్లిపోయింది, నేను ఇటు చివర చూస్తూ ఉండిపోయాను. పక్క టేబుల్ కుర్రాడు ఎప్పటి మాటే అన్నాడు: "అన్నా, కాళ్లు కదలట్లేదు."

అంకుల్ మాత్రం వేరే చెప్పారు. "కొట్టుడు మంచిగనే కొట్టినవ్ బేటా. ఏడికి కొట్టినవో సూస్కున్నవా? నా ఫోర్‌హ్యాండ్‌కి ఏసి, నువ్వు ఆ మూలకి నిలవడ్తివి. ఇగ కాళ్లేం జేస్తయ్ పాపం."

ఫుట్‌వర్క్ మీద అప్పటిదాకా విన్నదంతా ఆ ఒక్క మాటతో నాకు తలకిందులైంది. మనం ఫుట్‌వర్క్ అంటే కాళ్ల వేగం అనుకుంటాం. తాడు ఆట ఆడతాం, మెట్లు ఎక్కి దిగుతాం, ట్రెడ్‌మిల్ మీద చెమటోడుస్తాం. అవన్నీ మంచివే. కానీ తర్వాతి బంతికి ఎంత దూరం పరిగెత్తాలన్నది మనం ఇప్పుడు కొట్టే బంతి ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టే చాలావరకు ఖాయమైపోతుంది. ఈ వ్యాసమంతా ఆ లెక్క గురించే. కుడిచేతి ఆటగాడిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోవాలి.

ముందు సమయం సంగతి చూద్దాం. టేబుల్ పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు. ఒక మంచి బంతి సగటున సెకనుకి 15 మీటర్ల వేగంతో వస్తోందనుకుంటే, మూడు మీటర్లు దాటడానికి 0.2 సెకన్లు చాలు. కన్ను చూసి, మెదడు గుర్తుపట్టి, కండరం కదలడం మొదలవడానికి కూడా సుమారు అంతే సమయం పడుతుంది. అంటే బంతి ఎదుటివాడి బ్యాట్ వదిలాక ‘చూసి వెళ్దాం’ అనుకుంటే బయల్దేరే సమయానికి బంతి వచ్చేసి ఉంటుంది. మరి పెద్ద ఆటగాళ్లు ఎలా అందుకుంటున్నారు? సగం సంగతి ఎదుటివాడి భుజం, బ్యాట్ వంపు చూసి ముందే పసిగడతారు. మిగతా సగం ఇంకా ముందే అయిపోయి ఉంటుంది. తాము కొట్టిన బంతి అటు వెళుతున్నప్పుడే, అది తిరిగి ఎక్కడెక్కడికి రాగలదో వాళ్లకి తెలుసు. ఆ లోపే అటు జరిగి ఉంటారు.

ఆ ‘ఎక్కడెక్కడికి రాగలదు’ అన్నదాన్ని అంకుల్ మరుసటి ఆదివారం నాకు కళ్లకి కట్టి చూపించారు. వస్తూ వస్తూ కిరాణా కొట్టు నుంచి పురికొస ఉండ ఒకటి తెచ్చారు. నిండు నీళ్ల సీసా ఒకటి టేబుల్‌కి అవతలి వైపు, తన ఫోర్‌హ్యాండ్ మూలలో పెట్టారు. బంతిని ఆయన అక్కడ తాకుతున్నారని లెక్క. సీసా మెడకి రెండు తాళ్లు కట్టి ఒకటి నా ఎడమ మూలకి సూటిగా లాగారు. రెండోది నా కుడి మూలకి లాగుతారనుకున్నాను. ఆయన అలా లాగలేదు. దాన్ని నా వైపు కుడి సైడ్‌లైన్ మధ్యలోకి, అంటే నెట్‌కీ నా చివరి గీతకీ నడుమకి తెచ్చి, అదే వాలులో బయటికి పొడిగించి తాడు కొస నా చేతిలో పెట్టారు. చివరి గీతకి సమానంగా వచ్చేసరికి ఆ తాడు టేబుల్ అంచుకి అరమీటరు బయట ఉంది.

తర్వాత ఇంటికెళ్లి కాగితం మీద లెక్క వేసుకున్నాను. అవతలి మూల నుంచి ఆ చోటికి పొడవులో 2.055 మీటర్లు, అడ్డంగా 1.525 మీటర్లు. అదే దిశలో మిగిలిన 0.685 మీటర్లు కూడా వస్తే బంతి ఇంకో 51 సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. నేను టేబుల్‌కి మీటరు వెనక ఉంటే మరో 74 సెంటీమీటర్లు. వెనక్కి తగ్గితే సమయం దొరుకుతుందని అందరం అనుకుంటాం. నిజమే, దొరుకుతుంది. దాంతోపాటు కాపాడుకోవాల్సిన వెడల్పు కూడా పెరిగిపోతుంది.

రెండు తాళ్ల మధ్య విసనకర్రలా పరుచుకున్న ఆ జాగా నేను చూసుకోవాల్సిన ఇలాకా. సీసాని ఆయన ఫోర్‌హ్యాండ్ మూల నుంచి బ్యాక్‌హ్యాండ్ మూలకి జరిపితే విసనకర్ర మొత్తం తిరిగిపోతుంది. ఇప్పుడు ఒక తాడు నా కుడి అంచు వెంట సూటిగా వస్తుంది, ఇంకోటి నా ఎడమ అంచు దాటి బయటికి పోతుంది. సీసా మధ్యలో పెడితే రెండు వైపులా కొద్దికొద్దిగా బయటికి వెళ్తుంది కానీ ఏ వైపూ మరీ దూరం పోదు. టేబుల్ అదే, ఆటగాడు అదే, నిలబడాల్సిన చోటు మాత్రం సీసాతో పాటు తిరుగుతోంది.

ఇక్కడ ఒక పాత సలహాతో నాకు పేచీ ఉంది. కొట్టగానే ‘సెంటర్‌కి రా, సెంటర్‌కి రా’ అని పిల్లల మీద అరుస్తుంటారు. టేబుల్ మధ్యకి రావడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. రావాల్సింది విసనకర్ర మధ్యకి. అది కూడా బొడ్డు మధ్యగీత మీద ఉండేలా కాదు, ఎందుకంటే మన రెండు వైపులా సమానం కావు. ఫోర్‌హ్యాండ్ వైపు చెయ్యి చాపితే బాగా అందుతుంది, బ్యాక్‌హ్యాండ్ ఒంటి ముందే ఆడాలి కాబట్టి దాని అందుబాటు తక్కువ. అందుకే కుడిచేతి వాళ్లు విసనకర్ర మధ్యగీతకి కాస్త ఎడమగా నిలబడి, కుడి మోచేతిని ఆ గీత దగ్గర ఉంచుకుంటారు. టీవీలో మ్యాచ్ మొదలయ్యేటప్పుడు చూడండి, సర్వీస్ అందుకునేవాడు టేబుల్ ఎడమ సగం వెనకే ఉంటాడు. చూడ్డానికి ఫోర్‌హ్యాండ్ వైపంతా ఖాళీగా వదిలేసినట్టుంటుంది, కానీ అతనికి అది ఒక అడుగు, ఒక చెయ్యి దూరం.

ఇప్పుడు నేను ఓడిన ఆ పాయింట్ దగ్గరికి వెళ్దాం. ఈ ఆటలో అందరికీ ముద్దొచ్చేదీ, అందర్నీ ముంచేదీ ఆ పివోటే. బ్యాక్‌హ్యాండ్ మూలకి వచ్చిన బంతిని చుట్టూ తిరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టడం. అలా తిరిగాక నేను ఎడమ అంచుకి ఓ 30 సెంటీమీటర్లు బయట ఉన్నాననుకోండి. నా బంతి లైన్ వెంట వెళ్లి అంకుల్ ఫోర్‌హ్యాండ్‌లో పడింది. ఆయన దాన్ని ఏటవాలుగా నా కుడి వైపుకి, అంచుకి అరమీటరు బయటికి పంపగలరు. నేను నిలబడ్డ చోటు నుంచి అక్కడికి 2.3 మీటర్లు. చెయ్యి, బ్యాట్ కలిపి ఓ మీటరు అందుతుందనుకుంటే కాళ్లు మొయ్యాల్సింది 1.3 మీటర్లు.

అదే బంతిని నేను ఏటవాలుగా ఆయన బ్యాక్‌హ్యాండ్ మూలకి కొట్టి ఉంటే? అప్పుడు నా కుడి వైపు ఆయన వెయ్యగల అతి దూరపు బంతి అంచు వెంట సూటిగా వచ్చేదే. దూరం 1.83 మీటర్లు, చెయ్యి పోను 0.8 చిల్లర. సూటి బంతి కాస్త తొందరగా వస్తుందన్నది నిజం. ఏటవాలు దారి 3.14 మీటర్లు, సూటి దారి 2.74, అంటే దారి ఎనిమిదో వంతు తగ్గుతుంది. కానీ నేను వెళ్లాల్సిన దూరం మూడో వంతుకి పైగా తగ్గింది. బేరం నాకే లాభం. పైగా బాగా తిరుగుతున్న టాప్‌స్పిన్‌ని, అంటే ముందుకి దొర్లుతూ వచ్చే బంతిని, వచ్చిన దారి మార్చి సూటిగా బ్లాక్ చెయ్యడం కష్టం, పొట్టి దారిలో టేబుల్ దాటి పోయే ప్రమాదం ఎక్కువ. చాలామంది వచ్చిన దారినే తిప్పి పంపుతారు. అంటే బంతి మళ్లీ నా ఎడమ మూలకి, నేను అప్పటికే ఉన్న చోటికే వస్తుంది.

అలాగని లైన్ వెంట కొట్టకూడదని కాదు. కొడితే అది పాయింట్ తెచ్చే బంతి అయ్యుండాలి, లేదా ఎదుటివాడు అప్పటికే తన బ్యాక్‌హ్యాండ్ వైపు ఒరిగిపోయి ఉండాలి. ఊరికే కొత్తదనం కోసం కొట్టేది మాత్రం అప్పుగా తెచ్చిన పాయింట్, వడ్డీ మరుసటి బంతికే కట్టాలి.

ఇంకో దారి ఉంది, మా హాల్లో దాన్ని వాడేవాళ్లు తక్కువ. పివోట్ చేసి ఎదుటివాడి కుడి మోచేతి మీదికి కొట్టడం. మా వాళ్లు దీన్నే బాడీ మీద వెయ్యడం అంటారు. అక్కడ బంతి ఫోర్‌హ్యాండ్‌దా బ్యాక్‌హ్యాండ్‌దా అని ఎదుటివాడు తేల్చుకోవాలి, తేల్చుకుని పక్కకి జరగాలి కూడా. అతనికి కోణం దొరకదు, ఇటు మన విసనకర్ర కుదురుగా ఉంటుంది. మన స్థాయిలో పివోట్ తర్వాత పెట్టే మొదటి బంతి ఇక్కడికే వెళ్లాలని నా అభిప్రాయం. మూలలు అందంగా కనిపిస్తాయి, మోచెయ్యి పాయింట్లు తెచ్చిపెడుతుంది.

ఇక పివోట్‌లో కాళ్ల వరస. ఇది రాసి చెప్పడం కష్టమే కానీ ప్రయత్నిస్తాను. మొదట ఎడమ కాలు ఎడమకి జరిగి టేబుల్ మూల పక్కకి వెళ్తుంది. వెంటనే కుడి కాలు దాని వెనకగా చుట్టి వెళ్లి ఆనుతుంది, నడుము కుడికి తిరుగుతుంది. ఇప్పుడు ఎడమ భుజం బంతి వైపు చూస్తుంటుంది, బరువు కుడి కాలి మీద ఉంటుంది. అక్కడి నుంచి నేలని తన్ని, నడుము తిప్పుతూ కొట్టాలి. కొట్టేటప్పుడు బరువు కుడి కాలి నుంచి ఎడమ కాలికి వస్తుంది. ఆ ఎడమ కాలితోనే నేలని వెనక్కి తోసి కుడి వైపు బయల్దేరాలి. అంటే కొట్టడమూ, తిరిగి రావడమూ రెండు పనులు కావు, ఒకే కదలిక.

నేను చేస్తున్న తప్పు ఎక్కడుందో సుద్దముక్క పట్టించింది. అంకుల్ పది బంతులు వేసి, ప్రతిసారీ నేను కొట్టగానే ‘ఆగు’ అనేవారు. పక్క టేబుల్ కుర్రాడు వంగి నా పాదాల చుట్టూ గీత గీసేవాడు. పది బంతులయ్యాక చూస్తే ఎడమ పాదం గీతలు బండ అంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి. కుడి పాదానివి మాత్రం దాదాపు ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పడి చపాతీ దొంతరలా ఉన్నాయి. కుడి కాలు వెనక్కి వెళ్లడమే లేదు. నడుము మెలితిప్పి, పొట్ట లోపలికి లాక్కుని, జాగా చేసుకుని కొడుతున్నాను. బంతి మీదికి వచ్చేస్తుంటే చేత్తో సరిపెడుతున్నాను. అలా కొట్టాక బరువు మడమల మీద పడుతుంది, మడమల మీద ఉన్న మనిషి ఎటూ బయల్దేరలేడు. ఫోన్లో వీడియో తీసినా ఇదే కనిపించేదేమో. కానీ నేల మీద తెల్లగా పడ్డ ఆ దొంతర చూశాక సిగ్గేసి నేర్చుకున్నాను.

సుద్ద చూపించనిది ఒకటుంది, అది ఎదుటివాడు బంతిని తాకే క్షణంలో మన పాదాలు చేసే చిన్న గెంతు. గెంతు అంటే గాల్లోకి లేవడం కాదు, మడమలు తేలి, మునిపాదాల మీద బరువు పడి, మోకాళ్లు కాస్త వంగి స్ప్రింగులా తయారవడం. టెన్నిస్‌లోనూ, షటిల్‌లోనూ ఇదే ఉంది. మనది పుల్లెల గోపీచంద్ షటిల్ అకాడమీ ఉన్న ఊరు కాబట్టి షటిల్ నేర్చుకుని టీటీకి వచ్చే పిల్లలు చాలామందే కనిపిస్తారు, వాళ్లకి ఈ గెంతు చెప్పకుండానే ఉంటుంది. క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకి ఉండదు. వాళ్లు నిటారుగా నిలబడి బంతిని చూస్తారు.

దూరపు ఫోర్‌హ్యాండ్ బంతికి వెళ్లే పద్ధతి వేరు. రెండు మూడు చిన్న పక్క అడుగులతో అందేదైతే అలాగే వెళ్లాలి, రెండు పాదాలూ టేబుల్‌కి సమాంతరంగా జారుతున్నట్టు. అందదనిపిస్తే ఎడమ కాలు కుడి కాలి ముందు నుంచి దాటేసి పెద్ద అడుగు వెయ్యాలి, ఆ కాలు నేలకి ఆనే వేళకి బంతిని తాకాలి. తర్వాత కుడి కాలు చుట్టూ వచ్చి బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు పడకపోతే ఆటగాడు పక్క టేబుల్ వాళ్ల సంచీల మీద తేలతాడు. ఒక మాట గుర్తుంచుకోవాలి, ఇలా దాటేసి కొట్టిన బంతిని ఏటవాలుగా కొడితేనే మేలు. మనం అప్పటికే కుడి చివర ఉన్నాం, ఏటవాలు బంతికి విసనకర్ర కూడా కుడికే తిరుగుతుంది. లైన్ వెంట కొడితే ఎదుటివాడి బ్యాక్‌హ్యాండ్‌కి వెళుతుంది, అతను మన ఎడమ మూలకి ఏటవాలుగా పెడతాడు, మొదట చెప్పుకున్న కథ ఎడమ వైపు తిరిగి నడుస్తుంది.

ఇక్కడ హైదరాబాద్ సెల్లార్ల గురించి చెప్పకపోతే అన్యాయం. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా సెల్లార్లో కార్ల మధ్య ఒక టీటీ టేబుల్ కనబడుతుంది. ఒక వైపు పిల్లరు, ఇంకో వైపు ఎవరిదో కారు. అక్కడ నేర్చుకున్న పిల్లల ఆట నేను చూడగానే గుర్తుపడతాను. కుడి వైపు పిల్లరుంటే కుడికి వెళ్లే అలవాటే ఉండదు, బంతి అటు పోగానే ‘పిల్లర్, లెట్’ అనేసుకుని ఆ పాయింట్ మళ్లీ ఆడతారు. పేరుకి వాళ్ల పివోట్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే దాని తర్వాత వచ్చే శిక్ష వాళ్లకి ఎప్పుడూ పడలేదు. అలాంటి కుర్రాడు మొదటిసారి ఎల్బీ స్టేడియం ఇండోర్ హాల్లాంటి విశాలమైన చోట ఆడితే, రెండు వైపులా అంత ఖాళీ చూసి బిక్కమొహం వేస్తాడు. సెల్లార్లో ఆడేవాళ్లు నెలకోసారైనా టేబుల్‌ని తొంభై డిగ్రీలు తిప్పుకోండి, లేదా కారు యజమానిని బతిమాలుకోండి.

ఇదంతా పొడుగు బంతుల సంగతి. నెట్ దగ్గర పడే పొట్టి బంతి వస్తే లెక్కలో ముందు వెనకలు కూడా చేరతాయి. ఫోర్‌హ్యాండ్ వైపు పొట్టిగా పడ్డ బంతికి కుడి కాలు టేబుల్ కిందికి వెళ్లాలి, పొట్ట దాదాపు టేబుల్ అంచుకి తగలాలి. చెయ్యి మాత్రమే చాపి అందుకుంటే బంతి పైకి లేస్తుంది. తెలివైన ఎదుటివాడు మనల్ని అలా లోపలికి పిలిచి, మరుసటి బంతిని పొడుగ్గా బ్యాక్‌హ్యాండ్ మూలకి వేస్తాడు. మన క్లబ్బుల్లో పాయింట్లన్నీ లెక్కపెడితే ఈ ఒక్క ఎత్తుగడ ఎన్ని తింటుందో! దీనికి మందు లోపలికి వెళ్లిన కాలిలోనే ఉంది. బంతిని తాకగానే ఆ కుడి పాదంతో నేలని ముందుకి తన్ని ఒంటిని వెనక్కి తోసుకోవాలి. లోపలికి వెళ్లి అక్కడే నిలబడి ‘ఎలా పెట్టాను’ అని చూసుకుంటే అయిపోయినట్టే.

ఈ పొట్టి బంతి దగ్గరే ఆట ఈ మధ్య బాగా మారింది. ఇప్పటి పెద్ద ఆటగాళ్లు ఫోర్‌హ్యాండ్ వైపు పడ్డ పొట్టి బంతిని కూడా అడ్డంగా వెళ్లి బ్యాక్‌హ్యాండ్‌తో ఫ్లిక్ చేస్తారు. మణికట్టు లోపలికి చుట్టి, అరటిపండు ఒంపులా బంతిని తిప్పి పంపే ఆ దెబ్బకి బనానా ఫ్లిక్ అని పేరు. అందులో స్పిన్ ఎక్కువ కాబట్టి ఎదుటివాడి జవాబు మెత్తగా వస్తుంది, ఆ సందులో వీళ్లు ఫోర్‌హ్యాండ్‌కి చోటు చేసుకుంటారు. మన పిల్లలు వీడియోలు చూసి అదే చేస్తున్నారు. అడ్డంగా వెళ్తున్నారు, ఫ్లిక్ చేస్తున్నారు, ఫ్లిక్‌లో పస లేదు, ఎదుటివాడు తీరిగ్గా బ్యాక్‌హ్యాండ్ మూలకి గుచ్చుతున్నాడు. ఫ్లిక్ కుదిరేదాకా పొట్టి బంతిని పొట్టిగానే తిరిగి పెట్టడం పరువు తక్కువ పనేమీ కాదు.

అసలు ఇంత ఫోర్‌హ్యాండ్ మోజు ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫోర్‌హ్యాండ్‌కి నడుము మొత్తం తిరుగుతుంది, చెయ్యి దూరం నుంచి వస్తుంది, అందుకే బలం ఎక్కువ. ఒకప్పుడు కలం పట్టినట్టు బ్యాట్ పట్టే పెన్‌హోల్డ్ ఆటగాళ్లలో చాలామంది బ్యాట్‌కి ఒక వైపే వాడి, టేబుల్ అంతా ఫోర్‌హ్యాండ్‌తోనే కప్పేసేవారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో కొరియా ఆటగాడు ర్యూ సూంగ్‌మిన్ చైనా ఆటగాడు వాంగ్ హావోని 4-2తో ఓడించింది ఆ కాళ్లతోనే. తమాషా ఏమిటంటే గెలిచింది ర్యూ, కానీ ఆట నడిచింది వాంగ్ హావో దారిలో. అతనూ పెన్‌హోల్డే, అయితే బ్యాట్ వెనక వైపుతో బ్యాక్‌హ్యాండ్ టాప్‌స్పిన్ కొట్టేవాడు. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది, 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. బంతి కాస్త నెమ్మదించి, స్పిన్ తగ్గి, ఒక్క దెబ్బతో పాయింట్ తేలడం కష్టమైంది. ర్యాలీ సాగేకొద్దీ పివోట్ చేసినవాడి ఖాళీ జాగా బయటపడుతుంది కాబట్టి రెండు వైపులా గట్టిగా ఆడేవాళ్ల రోజులొచ్చాయి. 2016లో రియో, తర్వాత టోక్యో, రెండింట్లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన మా లాంగ్ ఇంకా ఫోర్‌హ్యాండ్ మీద నిలబడ్డవాడు. 2024 పారిస్‌లో గెలిచిన ఫాన్ జెన్‌డాంగ్ బ్యాక్‌హ్యాండ్ మూలలో కదలకుండానే పాయింట్ లాగేయగలడు.

మన ఊరి అమ్మాయి ఆకుల శ్రీజ ఆటలో ఇదే ప్రశ్నకి వేరే జవాబు ఉంది. 2022లో జాతీయ చాంపియన్, అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, 2024లో లాగోస్‌లో డబ్ల్యూటీటీ (వరల్డ్ టేబుల్ టెన్నిస్) కంటెండర్ టోర్నీ సింగిల్స్ టైటిల్, ఆ వెంటనే పారిస్‌లో ప్రిక్వార్టర్స్ దాకా వెళ్లింది. ఆమె బ్యాక్‌హ్యాండ్ వైపు పింపుల్స్ రబ్బర్, అంటే పైన చిన్న చిన్న బుడిపెలున్న రబ్బర్ వాడుతుంది. పింపుల్స్ నుంచి వెళ్లే బంతి మామూలు రబ్బర్ నుంచి వెళ్లినట్టు ఉండదు, లయ మారిపోతుంది, ఎదుటివాళ్లు తడబడి మెత్తటి బంతి ఇస్తే దాని మీద ఫోర్‌హ్యాండ్ పడుతుంది. ఎక్కువ దూరం పరిగెత్తే బదులు, ఎదుటివాళ్ల దగ్గర సమయం లాక్కోవడం అన్నమాట. శ్రీజ కంటే చాలా ముందు, 1969లోనే అర్జున అవార్డు అందుకున్న మీర్ ఖాసిం అలీ కూడా ఈ ఊరివాడే. ఆ తరం ఆట చూసిన పెద్దలు మా హాల్లో ఇద్దరున్నారు, కదిలిస్తే టీ చల్లారిపోయేదాకా వదలరు.

ఎడమచేతి వాళ్లతో ఆడేటప్పుడు తాళ్లు అవే, అర్థాలు మారతాయి. మన పివోట్ ఏటవాలు బంతి వాళ్ల ఫోర్‌హ్యాండ్‌కి వెళుతుంది. వాళ్లు తమ బ్యాక్‌హ్యాండ్ మూల నుంచి చేసే సర్వీస్ మన ఫోర్‌హ్యాండ్ దాటి బయటికి ఒరుగుతూ పోతుంది. కాబట్టి సర్వీస్ అందుకునేటప్పుడు ఓ పాదం కుడికి జరిగి నిలబడాలి. పివోట్ తగ్గించుకోవాలి.

ప్రాక్టీస్ విషయానికొస్తే, స్వీడన్‌లోని ఫాల్కెన్‌బెర్గ్ క్లబ్ పేరుతో ఒక డ్రిల్ ఉంది, ప్రపంచమంతా ఆడతారు. బ్యాక్‌హ్యాండ్ మూలలో ఒక బ్యాక్‌హ్యాండ్, అదే మూలలో పివోట్ చేసి ఒక ఫోర్‌హ్యాండ్, తర్వాత కుడి మూలకి వెళ్లి ఒక ఫోర్‌హ్యాండ్, మళ్లీ మొదటికి. మూడు బంతుల్లో ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ఉంది. పది నిమిషాలు నిజాయితీగా చేస్తే మరునాడు మెట్లు దిగేటప్పుడు తొడలు గుర్తుచేస్తాయి. అయితే దీన్ని ఎప్పుడూ తెలిసిన వరసలో ఆడితే కాళ్లకి వరస వస్తుంది, కళ్లకి ఏమీ రాదు. నాలుగు రౌండ్ల తర్వాత బంతి వేసేవాణ్ణి మూడోది ఎటైనా వెయ్యమనండి. అప్పుడు ఆ చిన్న గెంతు లేకపోతే ఏమవుతుందో తెలుస్తుంది.

మా హాల్లాంటి బండల మీద ఇంకో ఇబ్బంది ఉంది, దుమ్ము. బూటు జారితే పివోట్ సగంలో ఆగిపోతుంది, తొడ నరం పట్టేస్తుంది. టేబుల్ పక్కన తడి గుడ్డ ఒకటి పరిచి, రెండు మూడు పాయింట్లకోసారి బూట్ల అడుగులు దాని మీద రుద్దుకుంటాం. పెద్ద పోటీల్లో రబ్బర్ మ్యాట్లు ఉంటాయి, మాకు గుడ్డే గతి. రన్నింగ్ షూ వేసుకొచ్చేవాళ్లకి ఒక మాట: దాని మడమ ఎత్తుగా ఉంటుంది, పక్కకి తోసేటప్పుడు చీలమండ మడతపడే ప్రమాదం ఉంది. అడుగు పలచగా ఉన్న ఇండోర్ షూ తీసుకోండి. నలభై దాటినవాళ్లు ప్రతి మెత్తటి బంతికీ పివోట్ చెయ్యాల్సిన పని లేదు. అయిదింటికి ఒకటి చేస్తే ఎదుటివాడు మిగతా నాలుగింటికీ భయపడుతూనే ఉంటాడు.

మొన్న మళ్లీ అంకుల్‌తో చివరి గేమ్ పడింది. 8-8 దగ్గర అదే మెత్తటి పుష్, అదే మూల. ఎడమ కాలు వెళ్లింది, కుడి కాలు చుట్టి వెనక్కి వెళ్లింది. ఈసారి లైన్ జోలికి పోకుండా ఆయన కుడి మోచేతి మీదికి కొట్టాను. ఆయన బ్యాట్ ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కి తిరిగేలోపు బంతి జేబుకి తగిలి కింద పడింది. ఆయన దాన్ని తీసుకుంటూ నవ్వారు. "ఇగ నన్ను గుడ నడిపిస్తవా?" అన్నారు.

సర్వీస్ ఆయనదే. బంతి అరచేతిలో పెట్టుకుని ఒకసారి నా వైపు చూశారు. పొడుగ్గా, వేగంగా, నా ఫోర్‌హ్యాండ్ మూలకి వేశారు. నేనింకా ఆ పాయింట్ గెలిచిన సంతోషంలో ఎడమ మూలలోనే ఉన్నాను.